గీకేసిన పేరు

ఈనస్ చివరి మేకు కొట్టేసరికి పదకొండు దాటింది. కొత్త రేకు పెనంలా కాలుతోంది. మోకాళ్ళ కింద గోనెసంచి మడిచి వేసుకున్నా చర్మం చుర్రుమంటూనే ఉంది. తుఫాను వచ్చి రేడియో స్టేషన్ కప్పు ఎత్తుకుపోయి ఏడు వారాలైంది. వాసెల్ గారు తన ఇనుపసామాన్ల కొట్లోంచి నలభై రేకులు దానమిచ్చాడు. వాటిని బిగించేవాణ్ణి మాత్రం ఇవ్వలేదు. దానం చేసే మహానుభావులకి నిచ్చెన సంగతి ఎప్పుడు గుర్తొచ్చింది గనక! కూలివాణ్ణి పెడితే రోజుకి పన్నెండు వందల డాలర్లు. కింగ్‌స్టన్‌లో మా కాలబాష్ సందు రేడియోకి అంత డబ్బే ఉంటే తుఫానుకి ఎగిరిపోయే కప్పు కింద ఎందుకుంటుంది? అందుకని యాభై అయిదేళ్ళ ఈనస్ నాలుగు శనివారాలుగా తనే పైకెక్కుతున్నాడు.

"బాబాయ్, ఇక దిగు! పన్నెండింటికి వాసెల్ గారొచ్చేస్తాడు. ఆ చేతుల్తోనే రికార్డులు ముట్టుకుంటావా ఏంటి?" కింద నుంచి మార్వా కేకేసింది. స్టేషన్ నడిపేది ఆవిడే. వారమంతా బడిలో పాఠాలు చెప్పి, శని, ఆదివారాలు ఇక్కడ గొంతు చించుకుంటుంది.

"దిగుతున్నానమ్మా. మోకాళ్ళు నావి, నీవి కావుగా."

పైనుంచి గేటు కనిపిస్తోంది. గేటు పక్కన ఐసిల్డా బొగ్గుల పొయ్యి రాజేసి, పెద్ద గిన్నెలో కొబ్బరిపాలూ చిక్కుడుగింజలూ వేసిన అన్నం దించుతోంది. రెండో గిన్నెలో కోడికూర. డబ్బా నూట యాభై డాలర్లు. ఆవిడ నెత్తిమీదుగా గేటు స్తంభానికి లౌడ్‌స్పీకర్ కట్టి ఉంది, స్టేషన్‌లో వచ్చేదంతా సందుకి వినపడేలా. రెండేళ్ళుగా ఆవిడ ఆ స్పీకర్ కిందే అన్నం అమ్ముతోంది. ఈనస్ ఆవిడకేసి చూసి, చప్పున తల తిప్పుకున్నాడు.

మూడు వారాల కిందట ఆవిడ గరిటె పక్కన పెట్టి అడిగింది.

"ఈనసూ, ఆఫీసుకి పొయ్యొచ్చిన. పాట రేడియోలో వేసినప్పుడల్లా పాడినోళ్ళకి ఏదో డబ్బు ఇస్తారంట గదా, ఆ ఆఫీసుకి. రేడియోలోళ్ళు పంపే కాగితాల్లో నీ పేరు ఎక్కడా లేదమ్మా అన్నారు. నీ పేరున్న రికార్డు ఒక్కటైనా తెమ్మన్నారు. యాడ తెచ్చేది? నువ్వే గదా అన్నీ గీకింది."

"చూద్దాంలేమ్మా."

"చూద్దాం అంటే ఏందయ్యా? ఇంకెన్నాళ్ళు చూస్తావు? నేను పాడిన్నని నువ్వొక్క మాట చెప్పు చాలు. నిన్ను పైసా అడగట్లా."

"చూద్దాం" అని మళ్ళీ అన్నాడు ఈనస్. ఆ మాట అనడం మా ఊళ్ళో చాలా తేలిక.

గీకడం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి తెలీదు. ఆ రోజుల్లో కింగ్‌స్టన్‌లో పేటకో సౌండు ఉండేది. బీరువాలంత స్పీకరు పెట్టెలు, రెండు ఆంప్లిఫయర్లు, ఒక రికార్డు ప్లేయరు, మైకు పట్టుకుని పాట మీద మాటలు విసిరే డీజే, ఇవన్నీ కలిపి సౌండు. పక్క సౌండువాడి దగ్గర లేని పాట నీ దగ్గరుంటే జనం నీ వైపు. అందుకని అవతలివాడి మనుషులు జనంలో కలిసి వచ్చి, తిరిగే రికార్డు మీద పేరు చదివి పోకుండా, లేబుళ్ళు తడిపి బ్లేడుతో గీకేసేవాళ్ళు. అది దొంగతనం అని ఎవరూ అనుకోలేదు. వ్యాపారం అనుకున్నారు. తెలివి అని కూడా అనుకున్నారు.

వాసెల్ సౌండులో ఆ పని ఈనస్‌ది. అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్ళు, పెట్టెలు మోసేవాడు. ఒక మధ్యాహ్నం వాసెల్ రెండు వందల రికార్డులు తెచ్చి అరుగు మీద పెట్టాడు. కెనడా పోతున్న ఓ చిన్న నిర్మాత దగ్గర రికార్డులు పోసే అచ్చుతో సహా కొనేశాడట. లేబుల్ మీద 'ఐసిల్డా పినాక్' అని ఉంది. కొండ ఊరి నుంచి బట్టల మిల్లుకి పనికొచ్చిన పదిహేడేళ్ళ పిల్ల. రెండు గంటల్లో పాడి, అప్పట్లో నడిచిన అయిదు పౌన్లు పుచ్చుకుని వెళ్ళిపోయింది. 'వాన వెలిసిందని చెప్పకు, నా గుడ్డలింకా ఆరలేదు' అని మొదలవుతుంది పాట. మాటలూ ఆ పిల్లవే.

ఈనస్ బకెట్లో నీళ్ళు పెట్టుకుని సాయంత్రం దాకా గీకాడు. రెండు వందలూ గీకాడు. తడిసిన కాగితం బొటనవేలి కింద ఉండలు చుట్టుకుని వచ్చేది. నూట తొంభై రికార్డులు బోసి లేబుల్‌తో రెట్టింపు ధరకి దూరపు ఊళ్ళ సౌండ్లకి అమ్మాడు వాసెల్. ఏడాదంతా ఆ పాట 'వాసెల్ పాట' అయి కూచుంది. నేను పాడానని ఐసిల్డా చెబితే మిల్లులో ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఎక్కడైనా చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారు. మావాళ్ళు చెట్టు పేరు చెరిపేసి మరీ అమ్ముకున్నారు.

ఇక్కడితో అయితే ఈనస్ పాపం సగమే. ఓ ఆదివారం డీజే జ్వరమొచ్చి రాలేదు. వాసెల్ మైకు తీసి ఈనస్ చేతిలో పెట్టాడు. వాడు ఆ పాట మీదే నోరు తెరిచాడు. ఆ పిల్ల రెండు చరణాలు పాడగానే మధ్యలో దూకి, వాన మీద, అద్దె మీద, పోలీసుల మీద గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. జనం రేకుల కంచె బద్దలుకొట్టారు. నెల తిరక్కుండా వాసెల్ వాణ్ణి స్టూడియోకి తీసుకెళ్ళి ఆ మాటల్ని ఆ పాట మీదే రికార్డు చేయించాడు. లేబుల్ మీద పైన 'డాడీ ఈనస్', కింద 'నిర్మాత: వాసెల్'. ఆ ఒక్క రికార్డుతో ఈనస్ లండన్ చూశాడు, బర్మింగ్‌హామ్ చూశాడు, రెండు సిల్కు చొక్కాలు కుట్టించుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళు స్టూడియోలో మిక్సింగ్ బల్ల దగ్గర కూచుని ఇతరుల పాటలు కూడా దిద్దాడు. ఆపైన మిషన్లు వాయించే తాళాలొచ్చాయి, కుర్ర గొంతులొచ్చాయి. ఈనస్ మళ్ళీ సందులోకొచ్చి, చిరిగిన స్పీకర్లు అతికించుకుంటూ వారానికి రెండు వేలతో బతికాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఆ సోకు కూడా ఎన్నాళ్ళుంటుంది!

ఇప్పుడు వాడికి మిగిలింది శనివారం మధ్యాహ్నం ఈ రేడియోలో పాటలు వేసే రెండు గంటలు. చేతిఖర్చులకి రేడియో అయిదు వందలిస్తుంది. డబ్బు కోసం కాదు. ఆ రెండు గంటలూ సందంతా వాణ్ణి 'డాడీ' అంటుంది. మిగతా ఆరు రోజులూ ఈనసే.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా వాసెల్ కారు దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతికర్ర. ఇవాళ ఆయనకి ఎనభై నిండాయి. గేటు దగ్గర ఆగి గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఏమ్మా, నా డబ్బా ఉంచుతావా? పోయేటప్పుడు తీసుకుంటా. ఎప్పట్లాగే తొడముక్క."

"ఉంచుతాలే అయ్యా" అంది ఐసిల్డా. రెండేళ్ళుగా శనివారం ఆయన తినేది ఆవిడ వంటే. ఆవిడ పేరు ఆయన ఎన్నడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

గదిలో ఫ్యాను లేదు. మార్వా కేకు కోయించింది, సందులో పిల్లల చేత పాట పాడించింది. ఈనస్ చేతులకి మేకులు గీసుకున్న చోట మంట పుడుతోంది. మార్వా వాడి ముందు ఆఫీసుకి పంపే ఎప్పటి కాగితమే పెట్టింది. పాట పేరు, రాసినవాళ్ళ పేరు, పాడినవాళ్ళ పేరు. ఆ పాట ఎదురుగా రెండేళ్ళుగా ప్రతిసారీ 'తెలియదు' అనే రాసుంది. ఆ రాత ఈనస్‌దే.

"పెద్దాయనని సంతోషపెట్టు బాబాయ్" అని మార్వా చెవిలో చెప్పింది. "జనరేటర్ ఇస్తానన్నాడు. కరెంటు పోయినప్పుడల్లా మూగబోతున్నాం గదా."

మైకు ముందు వాసెల్ బాగానే మాట్లాడాడు. మంచివాడిలాగే మాట్లాడాడు. పది కుటుంబాలకి అన్నం పెట్టానన్నాడు, అది అబద్ధం కాదు. పెట్టెలు మోసే కుర్రాడి చేత మైకు పట్టించి మనిషిని చేశానన్నాడు, అదీ అబద్ధం కాదు. ఈనస్ తలూపుతూ కూచున్నాడు. మెడ నొప్పిగా ఉంది. ఎప్పుడు అయిపోతుందా అని ఉంది.

"ఇక మన పాట వెయ్యి నాయనా" అన్నాడు వాసెల్.

"వేస్తా. ముందు ఒక్క మాట." ఈనస్ గొంతు సవరించుకున్నాడు. ఇలా అడుగుతానని వాడే అనుకోలేదు. "ఆ పాట పాడిందెవరు, వాసెల్ గారూ?"

"ఎవరో పిల్ల. మిల్లు పిల్ల." ఆయన నవ్వాడు. "పేరు గుర్తులేదు నాయనా. నాలుగు రోజులు మిడిసిపడి మాయమైపోయింది. చచ్చిపోయిందనుకుంటా."

ఆ మాట తీగ వెంట పోయి గేటు దగ్గర స్పీకర్లోంచి సందంతా వినపడింది. ఈనస్ కిటికీలోంచి చూశాడు. ఐసిల్డా చేతిలో గరిటె డబ్బా మీద ఆగింది. గ్రేవీ అంచు దాటి చెయ్యి మీద కారుతోంది. ముందు నిలబడ్డ బస్సు కండక్టరు, "అక్కా, కాలుతుంది, అక్కా!" అంటున్నాడు. ఆవిడకి వినపడినట్టు లేదు.

ఈనస్ ఆ బోసి లేబుల్ రికార్డు మీద ముల్లు పెట్టాడు. సిగ్గుతో వాడి ఒళ్ళు మండిపోతోంది. నోరు తెరిస్తే ఈ శనివారం పోతుంది, జనరేటర్ పోతుంది, మార్వాకి మొహం చూపించలేడు. తెరవకపోతే ఆ ముసలాడు చెప్పిందే నిజమై, గేటు దగ్గర నిలబడ్డ మనిషి చచ్చిపోయినట్టే.

'వాన వెలిసిందని చెప్పకు...'

ఒక చరణం అయింది. రెండో చరణం అయింది. డాడీ ఈనస్ దూకే చోటు అది. సందులో జనం చేతులెత్తి సిద్ధంగా ఉన్నారు. మార్వా వేలు చూపించింది. వాసెల్ చేతికర్రతో నేల మీద తాళం వేస్తూ, "ఊ, అందుకో నాయనా!" అన్నాడు.

ఈనస్ మైకు చేత్తో మూసి పట్టుకున్నాడు.

"అందుకోవేం? నీ చోటొచ్చింది!"

"అది నా చోటు కాదు. ఆవిడని పాడనివ్వండి."

మూడో చరణం ఆ సందులో ఎవరూ ఎప్పుడూ విననేలేదు. ముప్పై ఆరేళ్ళుగా దానిమీద ఈనస్ మాటలే ఉన్నాయి. పదిహేడేళ్ళ గొంతు, కొండ ఊరి యాస, ఎక్కడా వణుకు లేదు. పాట చివరిదాకా నడిచింది. ముల్లు గరగరలాడింది. అప్పుడు వాడు మైకు మీద చెయ్యి తీశాడు.

"ఇది పాడింది ఐసిల్డా పినాక్. రాసిందీ ఆవిడే. లేబుల్ మీద ఆవిడ పేరుండేది. రెండు వందల రికార్డుల మీదా నేనే బ్లేడుతో గీకేశాను. గీకమన్నది వాసెల్ గారు. ఆవిడ చచ్చిపోలేదు. బయట గేటు దగ్గర మీకు అన్నం పెడుతోంది."

కాగితం ముందుకి లాక్కుని, 'తెలియదు' అని వాడు అలవాటుగా రాసిపెట్టిన మాట కొట్టేసి, పేరు రాశాడు. వేలి మీద గాయం తగిలి కాగితానికి రక్తం అంటింది.

"రేకులు నావి" అన్నాడు వాసెల్ మెల్లగా. కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "ఈ కప్పు నాది."

"మేకులు నేను కొట్టాను. ఊడదీయాలంటే మాత్రం వేరేవాళ్ళని పంపండి. నేను ఇంక ఎక్కలేను."

"ఏంటి బాబాయ్ ఇది..." అంది మార్వా. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమో, భయమో. కాగితం మాత్రం తీసి ఫైల్లో పెట్టింది.

వాసెల్ చేతికర్ర ఊనుకుంటూ బయటికొచ్చాడు. వరస చీలి దారిచ్చింది. కారు తలుపు దాకా పోయినవాడు మళ్ళీ వెనక్కి తిరిగి గేటు దగ్గరకొచ్చాడు. జేబులోంచి అయిదు వందల నోటు తీశాడు.

"నువ్వేనా అమ్మా? నాకు తెలీదు, ఒట్టు. ఏదో పెద్దవాణ్ణి, నోరు జారాను. సరే, నా డబ్బా ఇయ్యి. చిల్లర ఉంచుకో."

కట్టి పెట్టిన డబ్బా పక్కనే ఉంది. ఐసిల్డా దాన్ని తీసి వెనకాల నిలబడ్డ కండక్టరు చేతిలో పెట్టింది. గిన్నె మీద మూత వేసింది. కాలిన చేతిని నడుముకి కట్టుకున్న గుడ్డతో తుడుచుకుంది.

"చచ్చిపోయినామె వంట నీకెందుకయ్యా?"

ఆయన చేతిలో నోటు అలాగే ఉంది. ఎవరూ నవ్వలేదు. డ్రైవరొచ్చి చెయ్యి పట్టుకుంటే వెళ్ళి కారెక్కాడు.

కాసేపటికి ఈనస్ బయటికొచ్చి వరస చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. ఆవిడ మూత తీసి డబ్బా నింపింది, ఎవరికైనా నింపినట్టే. మెడముక్క, రెండు గరిటెల గ్రేవీ.

"నూట యాభై" అంది మొహం చూడకుండా.

వాడు ఇచ్చాడు.

"మూడో చరణంలో నా ఊరు పేరుంది, విన్నావా?" అంది ఆవిడ డబ్బు నడుం సంచిలో వేసుకుంటూ.

"విన్నానమ్మా."

"నువ్వు దానిమీద మాట్లాడకముందూ విన్నావు గదా."

డబ్బా చేతిలో కాలుతోంది. వెనకాల స్పీకరు గరగరమంటూనే ఉంది. రికార్డు మీంచి ముల్లు ఎవరూ ఎత్తలేదు.