మెయిన్ ఆపింది ఎవరు

మిక్సీలో కొబ్బరిపచ్చడి తిప్పుతుంటే ఉన్నట్టుండి దాని గొంతు మారింది. రోజూ వినే గొంతు కాదు. సన్నగా కీచుమంటూ, పట్టుకున్న మూత చేతిలోంచి ఎగిరిపోతుందేమో అన్నంత వేగంగా తిరగసాగింది. స్విచ్ కట్టేసి చూస్తే వంటింట్లో బల్బు కళ్ళు చెదిరేలా వెలుగుతోంది. హాల్లో ఫ్యాను మాత్రం రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతోంది. అంతలో మామయ్యగారి గదిలో ఆక్సిజన్ మిషన్ కూయడం మొదలుపెట్టింది.

మామయ్యగారు జానకిరామయ్యగారు ముప్పై ఆరేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఊపిరితిత్తులు గట్టిపడి రెండేళ్ళుగా ఆ మిషన్‌కి తగిలించిన గొట్టంతోనే ఊపిరి తీసుకుంటున్నారు. పరుగెత్తుకెళ్ళి ముందు దాని ప్లగ్గు పీకాను. పక్కనున్న చిన్న సిలిండర్‌కి గొట్టం మార్చి, ఆయన ఛాతీ కదలిక చూసి, మా పడగ్గదిలోకి తొంగి చూశాను. ఏసీ స్టెబిలైజర్ మీద రెండొందల ముప్పై ఉండాల్సిన చోట రెండొందల తొంభై అని అంకె. వరండాలోకి వెళ్ళి మెయిన్ కిందికి లాగేశాను. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. దూరంగా హైవే మీద లారీల మోత మాత్రం మిగిలింది.

న్యూట్రల్ పోయింది. ఒక వైపు కరెంటు పొంగి, ఇంకో వైపు పడిపోతోందంటే అన్ని ఫేజులకీ ఉమ్మడిగా ఉండే ఆ తీగ ఎక్కడో వదులైనట్టే. అలాగే వదిలేస్తే ముందు మిషన్ కాలిపోయేది, ఆ తర్వాత ఏమేం తగలబడేవో చెప్పలేం. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎలక్ట్రికల్‌లో బీటెక్ చేశాను. కానీ మెయిన్ లాగాక నా చెయ్యి మీటర్ బోర్డు వైపు వెళ్ళలేదు, ఫోన్ వైపు వెళ్ళింది. పెళ్ళైన పదిహేడేళ్ళలో చేతికి కూడా అలవాటైపోయింది.

మా ఆయన గుంటూరులో ఇంటర్ పేపర్లు దిద్దే పని మీద ఉన్నారు. భోజనాల వేళ కాబట్టి ఫోన్ ఎత్తారు. జరిగింది చెప్పాను. మెయిన్ ఎందుకు ఆపావు, నాన్నగారి మిషన్ సంగతేంటి, ఫ్రిజ్‌లో పాలూ పెరుగూ పాడైపోవా, వెంటనే వెయ్యి అన్నారు. వేస్తే మిషన్ కాలిపోతుంది, న్యూట్రల్ పోయినట్టుంది అన్నాను. న్యూట్రలో గీట్రలో, నువ్వేం ముట్టుకోకు అన్నారు. సిలిండర్ రెండు గంటలకి మించి రాదని చెప్పాను. అటువైపు ఎవరో నవ్వుతున్నారు, అన్నం వడ్డిస్తున్న చప్పుడు. అప్పుడన్నారు ఆయన.

"ఎవరినో ఒకరిని పిలువు త్రిపురా. ఇంట్లో ఉండి ఒక ఎలక్ట్రీషియన్‌ని కూడా పట్టుకోలేవా?"

పట్టుకోవడానికి కూర్చున్నాను. మా ఇంటికి వైరింగ్ చేసిన బుల్లయ్య మేనల్లుడి పెళ్ళికని కొత్తపట్నంలో ఉన్నాడు. ఏం జరిగిందో సగం వినకముందే సార్‌ని మాట్లాడమనండి అన్నాడు. సార్ లేరు, నాతో చెప్పు అంటే, మీకు అర్థం కాదులే అమ్మా, సార్ వచ్చాక చేయించండి అని పెట్టేశాడు. నెట్‌లో 'అత్యవసర సేవ, అరగంటలో' అని కనిపించిన నంబరుకి చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక ఒక అమ్మాయి వచ్చి, పిన్‌కోడ్ చూసి, మీ ఊళ్ళో మాకు మనుషులు లేరండి అంది. ఇంకో నంబరు వాడు, ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరా మేడమ్ అని అడిగాడు. మంచంలో ఉన్న మామయ్యగారిని లెక్కలోకి తీసుకోవాలో అక్కర్లేదో తెలియక నేనే పెట్టేశాను. కాలనీ గ్రూపులో మెసేజ్ పెట్టాను. రెండు దణ్ణాల బొమ్మలు, మా ఆయన గురించి 'శరత్‌చంద్రగారు ఊళ్ళో లేరా', 'స్విచ్చి ఒకసారి ఎత్తి దించి చూడండి'. అంతే వచ్చింది.

చివరికి మా మిల్లు ఎలక్ట్రీషియన్ శివరామకృష్ణకి చేశాను. మా ఊరు పేటలో ఉన్న స్పిన్నింగ్ మిల్లుల్లో ఒకదాంట్లో పదకొండేళ్ళుగా డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను నేను. ఏ లారీకి ఎన్ని నూలు బేళ్ళు ఎక్కాయో కంప్యూటర్‌లో కొట్టడం నా పని. ఆ రోజు నాకు సెలవు. నిజానికి మెయింటెనెన్స్ ఉద్యోగానికే అప్లికేషన్ పెట్టాను. ఇంటర్వ్యూలో మేనేజర్ నా మార్కులు చూసి, బాగున్నాయమ్మా, కానీ లేడీస్‌ని షెడ్డులోకి ఎలా పంపుతాం, ప్యానెల్ బోర్డుల మధ్య పమిట చిక్కుకుంటే ఎవరిది బాధ్యత అన్నాడు. నేను ఆ రోజు చుడీదార్‌లో వెళ్ళాను. ఆ ఉద్యోగం డిప్లొమా చేసిన శివరామకృష్ణకి వచ్చింది. మంచివాడే. షిఫ్టు అయ్యేదాకా కదలడానికి లేదు మేడమ్, ఆరింటికి వస్తా, అప్పటిదాకా మీరు మాత్రం ఏదీ ముట్టుకోకండి అన్నాడు.

ముట్టుకోకు. ముట్టుకోకండి. పెళ్ళిచూపుల్లో మామయ్యగారు కూడా ఇలాంటిదే ఒక మాట అన్నారు. ఏం చదివావమ్మా అంటే చెప్పాను. ఆయన నవ్వి, కరెంటు చదువా, మంచిదే, బల్బు పోతే మార్చుకుంటుంది అన్నారు. అందరూ నవ్వారు, మా నాన్న కూడా. తర్వాత ఏ పండక్కి ఎవరొచ్చినా ఆ మాట చెప్పుకుని నవ్వేవాళ్ళు. చిత్రమేమిటంటే బల్బు పోతే కూడా నన్ను స్టూలు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నేను స్టూలు పట్టుకోవాలి, మా ఆయన ఎక్కాలి. ఒకసారి ఆయన హోల్డర్‌లో బల్బు అడ్డంగా ఇరికించి పగలగొడితే, స్టూలు సరిగ్గా పట్టుకోలేదని నన్నే కసిరారు. నిజంగా నేనే కదిలించానేమో అని ఆ రోజంతా ఆలోచించాను. అలా ఆలోచించడం దగ్గరే నా చదువు పోయింది. ఒక్క రోజులో ఎవరూ లాక్కోలేదు.

ఒంటిగంటా పదిహేను. సిలిండర్ ముల్లు సగం కిందికి వచ్చింది. మామయ్యగారు విసనకర్ర పట్టుకోలేక పక్కన పెట్టేశారు. గదిలోకీ వరండాలోకీ తిరుగుతున్నాను. పక్కిల్లు తాళం, ఇటుపక్క ఖాళీ స్థలం. వెనక గోడకి అవతల, పెరడు దాటితే సుబ్బరావమ్మగారిల్లు. వాళ్ళ డాబా మీద మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. వాళ్ళ వరండాలో ఫ్యాను మామూలుగా తిరుగుతోంది. మరీ వేగంగా కాదు, మరీ నెమ్మదిగా కాదు. ఆ ఫ్యానుని చూస్తూ గోడ దగ్గర నిలబడిపోయాను. అక్కణ్ణుంచి మామయ్యగారి మంచం దాకా అడుగులు లెక్కపెట్టాను. నలభై మీటర్ల తీగ చాలు.

సుబ్బరావమ్మగారిని పిలిచాను. ఆవిడ ఘాటుకి ముక్కుకి కట్టుకున్న తుండుగుడ్డ విప్పుకుంటూ వచ్చి, "ఏందమ్మాయ్, అట్టా ఉన్నావు?" అంది. చెప్పాను. పెద్దాయన దగ్గర కూర్చోమని అడిగి స్కూటీ తీశాను.

బజారులో హయాత్ గారి ఎలక్ట్రికల్ షాపు తీసి ఉంది. మూడు తీగల కేబులు నలభై మీటర్లు, ఒక ప్లగ్గు, ఒక సాకెట్ బాక్సు కావాలన్నాను. ఎవరు కలుపుతారమ్మా అని అడిగాడాయన. నేనే అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి నన్ను ఒక క్షణం చూశాడు. నేను సిద్ధంగానే ఉన్నాను, ఆ తర్వాత వచ్చే మాట కోసం.

"లోడెంత?" అన్నాడు.

నాలుగొందల వాట్లలోపే అన్నాను. ఆయన తలూపి కేబులు కొలిచాడు. ఒక టెస్టరూ, టేపూ కూడా పెట్టి, బాజీ అనే ఎలక్ట్రీషియన్ నంబరు కలిపిచ్చాడు. బాజీ ఎక్కడో జిన్నింగ్ మిల్లులో ఉన్నట్టున్నాడు, వెనక హోరు. ఏ గదిలో ఎక్కువ వెలిగింది, ఏ గదిలో తగ్గింది అని అడిగాడు. చెప్పాను. స్టెబిలైజర్ అంకె కూడా చెప్పాను. మెయిన్ ఆపే ఉంచండమ్మా, మూడున్నరకి వస్తా అన్నాడు. పొద్దుట్నుంచి కరెంటు గురించి నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు దాకా ఆగినవాళ్ళు ఈ ఇద్దరే. ఎండలో స్కూటీ తోలుతుంటే కళ్ళు మసకబారాయి. ఏడవడానికి టైము లేదు.

మామయ్యగారి మంచం పక్కనే నేల మీద కూర్చుని కూరలు కోసే కత్తితో కేబులు చివర ఒలిచాను. ఎరుపు, నలుపు, పచ్చ. పచ్చది ఎర్త్ తీగ, కొంచెం పొడుగ్గా వదలాలి, లాగినప్పుడు చివరిదాకా ఊడకుండా ఉండేది అదే అని ల్యాబ్‌లో మేడమ్ చెప్పింది గుర్తొచ్చింది. పేరు గుర్తురాలేదు గానీ ఆవిడ గొంతు గుర్తొచ్చింది. మామయ్యగారు మాస్కు లోపలి నుంచి నన్నే చూస్తున్నారు. ఆయనకి ఒక వాక్యం మాట్లాడాలంటే రెండు ఊపిర్లు కావాలి.

"భయంగా... లేదా అమ్మా?"

"లేదు మామయ్యగారూ" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. గ్లాసు జారితే భయం, కూరలో ఉప్పు తగ్గితే భయం, బస్సు ఆలస్యమైతే, మా ఆయన గొంతు కాస్త పెరిగితే, ఎవరి ఫోనైనా ఎత్తలేకపోతే భయం. పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో నాకు భయం వెయ్యని పని ఇదొక్కటే. అదొక్కటే నన్ను చెయ్యనివ్వలేదు.

కేబులు గోడ మీదుగా సుబ్బరావమ్మగారి వరండాలోకి లాగాం. టెస్టర్‌తో చూసుకుని, మిషన్ ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. ఒకసారి కూసి, సర్దుకుని, ఎప్పటిలా గురగురమంది. గొట్టం మార్చేసరికి సిలిండర్ ముల్లు ఎర్రగీతని తాకుతోంది. రెండుంబావు. సుబ్బరావమ్మగారు, నీకియన్నీ ఎట్టా తెలుసమ్మాయ్ అని అడిగింది. చదువుకున్నాను పిన్నిగారూ అన్నాను. ఆ మాట పైకి అని ఎన్నాళ్ళైందో.

బాజీ అన్నట్టే మూడున్నరకి వచ్చాడు. నలభై దాటిన మనిషి, దూది నూగు జుట్టులో ఇంకా ఉంది. లైన్‌మన్‌కి చెప్పి స్తంభం దగ్గర మా తీగ తీయించాక బోర్డు విప్పాడు. నాలుగింటికి మా ఆయన గుంటూరు నుంచి వచ్చారు. బ్యాగు కింద పెట్టకుండానే మీటర్ దగ్గరికి వెళ్ళి నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డారు. నేను మంచినీళ్ళు తీసుకొచ్చేసరికి బాజీ మాడిపోయిన జాయింటు అరచేతిలో పెట్టి చూపిస్తున్నాడు.

"న్యూట్రల్ మొత్తం మాడిపోయింది సార్. ఇంకో పది నిమిషాలుంటే ఇంట్లో ఏదీ మిగిలేది కాదు. మెయిన్ ఆపింది ఎవరు?"

"నేనే ఫోన్లో చెప్పా, ఆపెయ్యమని" అన్నారు ఆయన.

అబద్ధం చెబుతున్నట్టు కూడా లేదు ఆయన ముఖంలో. నిజంగానే అలా జరిగిందని నమ్మేశారు. ఇలాంటివి ఎన్నో జరిగాయి. మా పాపకి వచ్చిన జ్వరం డెంగ్యూ అని మొదట అనుమానించింది నేను, బంధువులకి చెప్పింది ఆయన. ఈ ఇంటి ప్లానులో మెట్లు ఇటు తిప్పించింది నేను, గృహప్రవేశంలో మెప్పు ఆయనది. ప్రతిసారీ పోనీలే అనుకున్నాను. ఇప్పుడూ ఆ పోనీలే గొంతు దాకా వచ్చింది. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని ఆయనకి ఇవ్వకుండా గోడ మీద పెట్టాను.

"నేను ఆపాను" అన్నాను బాజీతో. "ఈయన వెంటనే వెయ్యమన్నారు. నేను వెయ్యలేదు."

బాజీ ఆయన వైపు చూడకుండా మర్యాదగా తల తిప్పుకున్నాడు. తర్వాత ఆ మాడిన జాయింటు నా చేతికిచ్చాడు. అక్కణ్ణుంచి చెప్పాల్సిందంతా నాకే చెప్పాడు. వెళ్ళేముందు గోడ మీది కేబులు చూసి, ఇది చేసిందీ మీరేనా, ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగాడు. చెప్పాను. డిగ్రీ ఉన్నవాళ్ళకి వైరింగ్ సూపర్‌వైజర్ పర్మిట్ ఇస్తారమ్మా, ఆ పర్మిట్ ఉన్నవాళ్ళ సంతకం కోసం మేం గుంటూరు దాకా తిరుగుతున్నాం, మీరు తీసుకుంటే పేటలో పనికి కొదవుండదు అన్నాడు. ఏమేం కాయితాలు కావాలో కనుక్కున్నాను.

ఆ సాయంత్రం ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం, బయటివాడి ముందు పరువు తీశావు అన్నారు. నేను సారీ చెప్పలేదు. ఆ మాట నోట్లోకి రాకపోవడం నాకు కొత్తగా, ఊపిరాడనట్టుగా, మళ్ళీ హాయిగా ఉంది.

ఆదివారం పొద్దున స్టూలు వేసుకుని అటక మీది రేకుపెట్టె దించాను. ఒంటినిండా దుమ్ము. ఆయన పేపరు మడిచి గుమ్మంలోకి వచ్చారు.

"ఏం వెతుకుతున్నావు?"

"సర్టిఫికెట్లు."

"ఎవరివి?" అన్నారు ఆయన.

వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగారు. ఆ ఇంట్లో సర్టిఫికెట్లు ఆయనవి ఉన్నాయి, పాపవి ఉన్నాయి, మామయ్యగారివి ఫ్రేము కట్టి గోడకున్నాయి. ఇంకెవరివి ఉంటాయో ఆయనకి తోచలేదు.

"నావి" అని, పెట్టె మూత ఎత్తాను.