ఖర్చీ కాని పైసలు

పరమేశ్ తన కూతుర్ని చూసి ఐదు నెలల పాటు గర్వపడ్డాడు. లోలోపల గర్వపడి ఊరుకుంటే పోయేది, నలుగురికీ చెప్పుకుని మరీ గర్వపడ్డాడు. ఆ గర్వం ఎంత గుడ్డిదో అతనికి ఒక్క పూటలో తెలిసొచ్చింది.

అంతా ఒక రూపాయితో మొదలైంది. సూరత్‌లో గోడాదరాలోని వాళ్ళ ఒంటిగదిలో, మేకుకు తగిలించిన చొక్కా జేబులోంచి చిన్నవాడు ప్రణయ్ రూపాయి తీసుకెళ్ళి రంగునీళ్ళు పోసిన బరఫ్ గోలా తిన్నాడు. పెదాలు, గడ్డం, చొక్కా కాలరు ఎర్రగా చేసుకుని వచ్చి, "నేను తియ్యలే" అన్నాడు. తల్లి లత వాడి వీపు విమానం మోత మోగించింది.

పరమేశ్ కొట్టలేదు. పన్నెండు గంటలు సాంచాల మధ్య, మరమగ్గాల హోరులో నిలబడి వచ్చినవాడికి కొట్టే ఓపిక ఉండదు, అదొక కారణం. రెండో కారణం, అన్నం తింటూ ఉండగా అతనికి ఒక ఆలోచన తట్టింది. పిల్లలకు వాళ్ళ పైసలంటూ కొన్ని ఉంటే వాటిని ఎలా వాడుకోవాలో వాళ్ళే నేర్చుకుంటారు. ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టరు. తనకు ఆ సంగతి చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు. పదహారేళ్ళ వయసులో సూరత్ వచ్చి తీసుకున్న మొదటి పగార్ మూడు రోజుల్లో ఏమైపోయిందో అతనికి ఇప్పటికీ అంతు చిక్కదు.

"మనకే ఎల్లుతలేదు. పోరగాండ్లకు జీతాలిస్తవా?" అంది లత.

"జీతం గాదే. వారానికి తలా రెండు రూపాయలు. కొనుక్కుంటరో దాసుకుంటరో వాళ్ళిష్టం. మనం అడగద్దు."

లత చీర అంచుల దారాలు కత్తిరించే పని మళ్ళీ చేతిలోకి తీసుకున్న తీరులో అనాల్సిందంతా ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పరమేశ్ పనిచేసే కార్ఖానాలో పగార్ పదిహేను రోజులకోసారి. అందాకా ఇల్లు గడవాలి కదా, అందుకని ప్రతి శనివారం సేట్ కొంత చేతికిస్తాడు. దాన్ని ఖర్చీ అంటారు. ఖర్చీ ఊరికే వచ్చేది కాదు. పగార్ రోజున పైసాతో సహా కట్ అవుతుంది. గోడాదరాలో మగ్గం మనిషి ఇంట పుట్టిన పిల్లలకు అ ఆల కంటే ముందు వచ్చే మాటలు మూడు. పగార్, ఖర్చీ, కట్.

శనివారం ఖర్చీ తెచ్చుకున్న పరమేశ్ ఆ పూట హుషారుగా ఉన్నాడు. పిల్లలిద్దర్నీ గోడ పక్కన వరసలో నిలబెట్టాడు. తను మంచం మీద కాలు మీద కాలేసుకుని, సేట్ లాగా కళ్ళు చిట్లించి, సేట్ గొంతు పెట్టి, "చలో, లైన్ల రావాలె. ఖర్చీ తీస్కపోవాలె. ఎక్కువ తక్కువ మాట్లాడితే పగార్ల కట్ చేస్త" అన్నాడు. ప్రణయ్ కిందపడి దొర్లి నవ్వాడు. హారతి కూడా నవ్వింది. దానికి అప్పుడు పదేళ్ళు, తమ్ముడికి ఏడు. రెండు రూపాయలు రెండు చేతులతో అందుకుంది, పెద్దవాళ్ళు అందుకున్నట్టే.

ఆ నవ్వులాట పరమేశ్ మరునాటికే మరిచిపోయాడు. పేరు మాత్రం ఇంట్లో నిలిచిపోయింది. శనివారం వచ్చిందంటే పిల్లలకు ఖర్చీ.

ప్రణయ్ మొదటి నెలంతా వచ్చిన గంటలోనే రెండు రూపాయలూ ఊడ్చేసి, మిగతా ఆరు రోజులూ బిక్కమొహం వేసుకుని తిరిగాడు. మూడో నెలకు ఒక రూపాయి శనివారం, ఒక రూపాయి బుధవారం అనే పద్ధతి వాడంతట వాడే కనిపెట్టుకున్నాడు. అది ఎవరి కంటా పడలేదు. అందరి కళ్ళూ హారతి మీదే. అది ఒక్క పైసా ఖర్చు పెట్టలేదు. ఖాళీ అయిన పౌడరు డబ్బా మూత ఊడదీసి, నాణేలన్నీ అందులో వేసి, బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది.

దసరాకు పగార్ చేతికొచ్చేసరికి సగం కూడా లేదు. "ఖర్చీలే తినేసినయి. ఈసారి ఇద్దరికీ బట్టలు గావు" అన్నాడు పరమేశ్ తల పట్టుకుని. హారతి ఇష్టపడి చూసుకున్న నీలం గౌను కొనలేదు. పిల్లే, "నాకద్దు బాపూ, తమ్మునికి కొను" అంది.

"చూసినవా నా బిడ్డను" అని పరమేశ్ కార్ఖానాలో పక్క సాంచాల మీద పనిచేసే సాంబయ్యకు చెప్పాడు. మూలమీది కిరాణా దుకాణంలో చెప్పాడు. ప్రణయ్‌కైతే అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా చెప్పాడు. "అక్కను చూసి నేర్చుకోరా."

లతకే ఎక్కడో గుచ్చుకుంది. ఒకనాడు మొగుడితో అంది. "పిల్ల తినే ఈడుల తింటలేదు. గోలా బండి వస్తె లోపలికి వస్తది. గది బుద్ధి గాదయ్యా, బుగులు. దేనికో బుగులు పడ్డది."

"నువ్వు అన్నిట్ల వంక వెడ్తవ్" అన్నాడు పరమేశ్.

సంక్రాంతి పతంగుల దారాలు ఇంకా కరెంటు తీగల మీద వేలాడుతుండగానే బడిలో ఆనంద్ మేళా పెట్టారు. పిల్లలే ఇళ్ళ నుంచి తినేవి వండించుకొచ్చి, బెంచీల మీద దుకాణాలు పెట్టుకుని అమ్ముతారు. పిల్లలే కొనుక్కు తింటారు. ఆ రోజు కార్ఖానాకు కరెంటు సెలవు. పరమేశ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పిల్లలతో బయల్దేరాడు.

"నీ డబ్బా పైసలన్నీ తెచ్చుకో బిడ్డా. ఇయ్యాల మనసుకు నచ్చింది కొనుక్కో" అన్నాడు. ఇన్నాళ్ళు దాచుకున్న కూతురు నలుగురి ముందు దర్జాగా ఖర్చు పెడుతుంటే చూడాలని అతని ఆశ. హారతి నలభై నాలుగు రూపాయలూ రుమాలులో మూటగట్టి, పిడికిట్లో పట్టుకుని వచ్చింది.

బడి ఆవరణంతా గోలగోలగా ఉంది. ఒక బెంచీ మీద సేవ్ ఖమణి, ఒక బెంచీ మీద భేల్, ఇంకోచోట మన తెలుగువాళ్ళ పిల్లలు తెచ్చిన సర్వపిండి, చివర్న ఒక గాజుల బెంచీ. ఏదైనా ప్లేటు రెండు రూపాయలు. ప్రణయ్ తన రెండు రూపాయలతో దుకాణాలన్నీ రెండుసార్లు తిరిగి, బేరమాడి, చివరికి మేళా ముగింపు గంట కొట్టే ముందైతే తగ్గిస్తారని ఎవరో చెబితే, ఒక మూల కూర్చుని గంట కోసం ఎదురుచూస్తున్నాడు.

హారతి నీళ్ళ నల్లా దగ్గర నిలబడింది. పిడికిలి విప్పలేదు. దాని స్నేహితురాలు సంధ్యారాణి భేల్ ప్లేటు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఒక చెంచా దీని నోటి దగ్గర పెట్టింది. హారతి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ పిల్ల వెళ్ళిపోయాక నల్లా తిప్పి దోసిలితో నీళ్ళు తాగింది.

"బంగారమే నీ బిడ్డ" అన్నాడు పక్కనే ఉన్న సాంబయ్య. "మావోడు గిప్పటికి పది రూపాయలు మింగిండు."

పరమేశ్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నీళ్ళు తాగేముందు ఆ పిల్ల భేల్ ప్లేటు వంక చూసిన చూపు అతను చూశాడు. అది అక్కర్లేనివాళ్ళు చూసే చూపు కాదు. లత అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. దగ్గరికి వెళ్ళి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆకలైతలేదా బిడ్డా?"

"అయితంది."

"మరి కొనుక్కోరాదు?"

"అద్దు బాపూ. కట్ అయితయి."

"ఏంది కట్ అయ్యేది?"

"ఖర్చీ." తండ్రికి ఇంత చిన్న సంగతి తెలియకపోవడమేమిటన్నట్టు చూసింది హారతి. "తింటె పగార్ల కట్ అయితది గద. దసరాకు నా గౌను కట్ అయింది. గందుకే అన్నీ అట్లనే ఉంచిన. నువ్వు అడిగినప్పుడు తిరిగి ఇచ్చేస్త."

పరమేశ్‌కు మంచం మీద కాలు మీద కాలేసుకుని తను పెట్టిన సేట్ గొంతు తనకే వినిపించింది. ఐదు నెలలుగా పొదుపు అనుకుని అతను మురిసిపోయింది అప్పుల భయం. పిల్లకు పైసలిచ్చాననుకున్నాడు. ఇచ్చింది తన మెడలో ఉన్న గుదిబండలో ఒక ముక్క.

"మరి తమ్ముడు మొత్తం తిన్నడు గద" అన్నాడు.

"వాడు చిన్నోడు, వానికి ఎరకలేదు." హారతి గొంతు తగ్గించింది, తమ్ముడి చెవిన పడకూడదని. "వానిది సుత నేనే కడ్త. నావి ఇచ్చేస్తె నాది సాఫ్ అయితది. ఇగ వచ్చేటియన్నీ వాని కిందికి పట్టుకో. చిన్నాయినది నువ్వు కట్టినవ్ గద, గట్లనే."

చిన్నాయిన అంటే పరమేశ్ తమ్ముడు రవీంద్ర. సేట్ దగ్గర ఐదు వేలు అప్పు తీసుకుని, ప్లేగు వచ్చిన ఏడు జనమంతా సూరత్ విడిచి పారిపోతున్నప్పుడు తనూ రైలెక్కాడు. జనం తిరిగొచ్చారు, అతను రాలేదు. ఆ ఐదు వేలూ రెండేళ్ళ పాటు పరమేశ్ పగార్లో కట్ అయ్యాయి. ఇంట్లో దాని గురించి భార్యాభర్తలు గొడవపడ్డప్పుడల్లా పిల్లలు నిద్రపోతున్నారనే అనుకున్నారు.

పరమేశ్ కళ్ళు తుడుచుకున్నాడు. సాంబయ్య చూస్తే చూడనీ అనుకున్నాడు.

"అది ఖర్చీ గాదు బిడ్డా. నేను నవ్వులాటకు అన్న."

"మరి ఏంది?"

అతనికి తెలిసిన పైసలన్నిటికీ పేర్లున్నాయి, ప్రతి పేరు వెనకా ఒక లెక్క ఉంది. కాస్త ఆలోచించి అన్నాడు. "ఎల్లవ్వ అమ్మమ్మ వచ్చి పోయేటప్పుడు నీ చేతుల పది రూపాయలు పెడ్తది గద. గవి మళ్ళ అడుగుతదా? గట్లాంటియే ఇవి."

"అమ్మమ్మ అడగది. అమ్మ తీసుకుంటది" అంది హారతి.

అదీ నిజమే. పరమేశ్‌కు ఏడుపులో నవ్వు వచ్చింది. ఈ పిల్ల మాటలతో నమ్మేది కాదని అర్థమైంది. దానికి తెలిసిన భాషలోనే చెప్పాలి. చెయ్యి చాపాడు.

"తే, నా పైసలు నాకియ్యి."

హారతి వెంటనే రుమాలు మూట అతని చేతిలో పెట్టింది. ఎంత తేలిగ్గా ఊపిరి వదిలిందో పరమేశ్ చూశాడు. మూట విప్పి, పిల్ల చూస్తుండగా నలభై నాలుగూ లెక్కపెట్టాడు.

"ముట్టినయి. నీది సాఫ్."

"తమ్మునిది?"

"మాఫ్."

"సేట్ మాఫ్ చెయ్యడు గద?"

"సేట్ చెయ్యడు. బాపు చేస్తడు."

పరమేశ్ మూట మళ్ళీ కట్టి దాని చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఇగ ఇవి తీసుకో. ఇవి నీవి."

"మళ్ళ ఖర్చీయా?"

"కాదు."

"పగారా? నేనేం పని చెయ్యలే గద."

"పగార్ గాదు. ఉత్తగనే ఇస్తున్న."

"ఉత్తగ ఎందుకిస్తవ్?"

పరమేశ్ బతుకులో ఎవరూ అతనికి ఉత్తగా ఏమీ ఇవ్వలేదు. అందుకే జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. "నీ బాపును గద. గందుకే. నువ్వు కొన్నా నీయే, పారేసుకున్నా నీయే, దాసుకున్నా నీయే. ఎవ్వడు కట్ చెయ్యడు."

"అమ్మ?"

"అమ్మకు నేను చెప్త."

హారతి నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. అతను తల ఊపాడు. ఇంకో నాలుగడుగులు వేసి మళ్ళీ చూసింది. ఆ తర్వాత చూడలేదు. పరమేశ్ నల్లా గట్టు మీద కూర్చుని, ఇంటికెళ్ళాక లతకు ఈ సంగతి ఏ మొహంతో చెప్పాలా అని ఆలోచించాడు. 'బుగులు' అన్నప్పుడే వినుంటే పిల్ల ఇన్ని నెలలు నోరు కట్టుకునేది కాదు. ప్రణయ్‌కు కూడా ఒక మాట బాకీ ఉన్నాడు. మూల కూర్చుని గంట కోసం చూస్తున్న ఆ పోరడే ఇంట్లో పైసల సంగతి సరిగ్గా నేర్చుకున్నది.

హారతి ముందు సంధ్యారాణిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఇద్దరూ కలిసి గాజుల బెంచీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. అక్కడ పచ్చటి ప్లాస్టిక్ ఉంగరం ఒకటి కొంది, రెండు రోజులు కూడా ఉండని సరుకు. పరమేశ్ నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. తర్వాత తమ్ముణ్ణి మూల నుంచి లేపి సేవ్ ఖమణి కొనిచ్చింది. వాడు అక్కను అనుమానంగా చూస్తూనే తినేశాడు.

గంట కొట్టే వేళకు రెండు భేల్ ప్లేట్లు చెరో చేత్తో పట్టుకుని, ఒలికిపోకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. ఒకటి తండ్రికి చాపింది.

పరమేశ్ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. అది అలవాటు. ఎవరేది ఇచ్చినా దాని ధర ఎంతో ముందు తడుముకుంటాడు.

హారతి అది చూసింది. పక్కన గట్టు మీద కూర్చుని, తన ప్లేటులోంచి మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది.

"తిను బాపూ" అంది. "కట్ చెయ్య."