నెత్తిన ఉన్నది సామాను కాదు

నేను ఒక ఇనుప చట్రాన్ని. విమానం ఎక్కే గేటు పక్కన నిలబడి, ప్రయాణికుల చేతిసంచులు కొలవడం నా ఉద్యోగం. నాలో ఇమిడితే సంచి మనిషితో పాటు లోపలికి వెళ్తుంది. ఇమడకపోతే విమానం పొట్టలోకి, పెద్ద పెట్టెల మధ్యకు వెళ్తుంది.

విశాఖలో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టాను. నన్ను అతికించిన మేస్త్రీ టేపు పెట్టి కొలిచి, నమ్మకం చాలక మళ్ళీ కొలిచాడు. అనుమానం నాకు అక్కడే అంటుకున్నట్టుంది. నన్ను మొదట కొన్న విమాన కంపెనీ దివాలా తీసింది. రెండో కంపెనీ వాళ్ళు నా నీలం రంగు గీకించి ఎర్ర రంగు వేయించారు. పనిలో పనిగా నన్ను వేలెడు కురచ చేయించారని కూడా నా అనుమానం.

మనిషికి ఒక సంచి, ఆడవాళ్ళకు అదనంగా చిన్న పర్సు. రూలు ఇంతే. కానీ రెండో సంచి లేకుండా గడప దాటే మనిషిని నేను చూడలేదు. చున్నీ కింద బొజ్జలా కనిపించేది బొజ్జ కాదు. రోహిణీ కార్తె ఎండల్లో మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కున్న పెద్దమనిషికి చలిజ్వరమూ లేదు. సంచిని నాలోకి కుక్కి, "పట్టింది కదండీ!" అని మురిసిపోయేవాళ్ళు, దాన్ని బయటికి లాగలేక నన్నే తిడతారు. ప్రతి రెండో సంచికీ ఒక కథ ఉంటుంది. లోపల పిల్లాడి పాలు, ముసలాయన మందులు అంటారు. తెరిస్తే జీడిపప్పు.

అందుకే ఆ రోజు నూకరత్నం అనే ఆవిడ చేతిలోని వెదురుబుట్టను చూడగానే నాకు చిర్రెత్తింది. అరవై దాటిన మనిషి. భుజాన ఒక సంచి, చేతిలో గుడ్డ కప్పిన ఆ బుట్ట. గేటు దగ్గరున్న ప్రవల్లిక, "అమ్మా, ఒక్కటే లోపలికి. ఆ బుట్ట ఇందులో పెట్టండి" అని నన్ను చూపించింది.

భుజం సంచి నాలో కుదురుగా కూర్చుంది. బుట్ట మాత్రం నా అంచుల మీదే ఆగిపోయింది.

"అయితే బుట్ట కిందికి వెళ్ళాలమ్మా."

"అలాగనకు తల్లీ. ఇది కిరీటం" అంటూ ఆవిడ గుడ్డ తీసింది. అట్ట మీద అద్దంముక్కలు, పూసలు అతికించిన జానెడు ఎత్తు కిరీటం. "నాను నాటకాల్లో రాజు యేసం కడతాను. ఇయ్యాల రేతిరి అయిదరాబాదులో ఆట. మా మేళమంతా నిన్ననే ఎలిపోనారు. దీన్ని పెట్టిల కిందేస్తే అప్పడమైపోద్ది. కిరీటం లేకుండా రాజేటమ్మా?"

కథ బాగానే ఉంది అనుకున్నాను. బుట్ట అడుగున ఏదో ఉండే ఉంటుంది. ప్రవల్లిక తొంగి చూసింది. ఏమీ లేదు.

ఆ పిల్లకు జాలి వేసినట్టుంది. కానీ వెనకాల సూపర్‌వైజర్ ఉన్నాడు. "రూలు నేను మార్చలేనమ్మా" అని నసిగింది.

నూకరత్నం వరసలో ముందు వెళ్తున్న, మూడు చొక్కాలు తొడుక్కున్న ఒకాయన్ని తేరిపార చూసింది. "ఒంటిమీదున్నది సామాను లెక్కలోకి రాదా?"

"రాదమ్మా."

"అయితే నెత్తిమీదున్నదీ రాదు."

ఆవిడ కిరీటాన్ని కళ్ళకద్దుకుంది. కానీ వెంటనే పెట్టుకోలేదు. చేత్తో మెడ తడుముకుంది. "ఒకపాలి నెత్తినెట్టితే ఆట అయినదాకా తియ్యకూడదమ్మా. తల దించకూడదు. మా మేళం కట్టుబాటు. పొద్దున్నే ఎట్టుకున్నోళ్ళు ఎవులూ లేరు."

"లోపలికి వెళ్ళాక తీసేయండి. ఎవరు చూస్తారు?"

"నాను సూత్తాను కదా."

కిరీటం నెత్తినెక్కింది. ఖాళీ బుట్ట కిందికి పోయింది. సూపర్‌వైజర్ రూళ్ళ కాగితం తీసి, కిరీటాల సంగతి ఎక్కడుందో వెతకసాగాడు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నిటారుగా నడిచి వెళ్ళిపోయింది.

నేను మాత్రం నమ్మలేదు. నాలుగడుగులు వేశాక తీసేస్తుంది చూడండి, మనుషులు నాకు కొత్తా? మా గేటు అద్దంలోంచి విమానం కనిపిస్తుంది. చిన్నది, రెక్కలకు పంకాలున్నది. దాని గుమ్మం మరీ పొట్టి. నూకరత్నం మెట్లెక్కి గుమ్మం ముందు ఆగింది. లోపలి అమ్మాయి తల వంచమని చేత్తో సైగ చేసింది. ఆవిడ వంచలేదు. వెనక జనం ఆగిపోయారు. ఇప్పుడు తీస్తుంది అనుకున్నాను. ఒక్క క్షణం తీసి పెట్టుకుంటే అడిగేవాళ్ళు లేరు.

నూకరత్నం రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. నెమ్మదిగా, నొప్పి తెలిసేలా, మోకాళ్ళు వంచింది. తల అంగుళం కదలలేదు. అలా కుంగి కుంగి, కిరీటం గుమ్మం పైఅంచుకు తగలకుండా, ఎదురుగా చూస్తూనే లోపలికి వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. చెప్పుకోవడానికి మొహమాటం లేదు, చాలా సిగ్గేసింది.

ప్రవల్లిక ఇంకా అద్దంలోంచి అటే చూస్తోంది. ఈలోగా ఎవరో ఒకాయన రెండు సంచులతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆ పిల్ల తల తిప్పకుండానే, "వెళ్ళండి సార్" అంది. నేనూ ఆయన్ని అనుమానించలేదు.

ఆ రెండో సంచిలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.