రెండు కొక్కేలు

అప్పటికి బోర్డు మీద పిల్లి తోక, ఎలుక కన్నం, టైలరు కత్తెర అయిపోయాయి. మూడో తరగతి ఇంగ్లీషు టీచరమ్మ రాజుగారి టోపీకి వచ్చింది. ‘కింగ్’ అని రాసి, పైన గాల్లో చిన్న కామా వేలాడదీసి, పక్కన ‘ఎస్’ చేర్చింది.

"ఈ కామా ఉందే, ఇది కొక్కెం. వస్తువు ఎవరిదైతే వాళ్ళ పేరుకి తగిలించాలి. మరిచిపోయారో, టోపీ కింద పడుతుంది!"

పిల్లలు గొల్లుమన్నారు. ఏటేటా అదే మాట, అదే నవ్వు. మోకాళ్ళు పట్టేస్తున్నా ఆ నవ్వు కోసమే ఆవిడ నిలబడి చెప్పేది. భర్త పోయాక అన్నగారి పంచన చేరింది. మేడ మీది గది ఆవిడదేనంటారు గానీ, వదినగారి పాత కుట్టుమిషనూ విరిగిన కుర్చీలూ అందులోనే ఉంటాయి. కుర్చీ జరపాలన్నా అడిగి జరుపుతుంది. ఎవరికీ అడ్డం రాకుండా బతకడం ఆవిడకి బాగా అలవాటైపోయింది.

"ఒకే ఇల్లు అమ్మానాన్నలిద్దరిదీ అయితే కొక్కెం ఒక్కటే, చివరి పేరుకి. ఎవరిల్లు వాళ్ళదైతే చెరొకటి. మీ అమ్మానాన్నల ఇల్లు రాయండి, చూద్దాం."

కిటికీ పక్కన రెండు జడల పిల్ల ఇద్దరికీ చెరొక కొక్కెం పెట్టింది. టీచరమ్మ ఎర్రపెన్నుతో ఒకటి కొట్టేసింది.

"ఇల్లొక్కటే కదమ్మా."

"కాదు టీచర్. నాన్నది వేరే. అమ్మ నన్ను అక్కడికి వెళ్ళొద్దంది." పిల్ల పుస్తకం ఆవిడ వైపు జరిపింది. "మరి నాదెక్కడ పెట్టాలి?"

టీచరమ్మ కొట్టేసిన కొక్కేన్ని మళ్ళీ పెట్టి, "తర్వాత చెబుతా" అని పక్క బెంచీకి నడిచింది.

భోజనాల గంటకి ముందే ఆ పిల్ల తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో హెడ్‌మాస్టారు సంతకం పెట్టిన చీటీ.

"వాళ్ళ నానమ్మకి ఒంట్లో బాగాలేదండీ. ఒక్కసారి చూపించి తీసుకొచ్చేస్తా."

వాళ్ళమ్మకి ఫోన్ చేద్దామన్న మాట ఆవిడ గొంతు దాకా వచ్చింది. పెద్దాయన సంతకం పెట్టాక మధ్యలో నాకెందుకు, అనుకుంది. పిల్ల మాత్రం లేవకుండా ఆవిడ ముఖంలోకే చూస్తోంది.

"వెళ్ళిరా తల్లీ" అంది టీచరమ్మ.

సాయంత్రం తల్లి వచ్చింది. సంగతి విని గుమ్మం పక్కనున్న చిన్న బెంచీ మీద కూలబడింది.

"వాళ్ళ నానమ్మ పోయి రెండేళ్ళయిందండీ."

భర్తకి ఫోన్ చేసింది, స్విచ్చాఫ్. అతని పక్కింటివాళ్ళకి చేస్తే, పొద్దున్నే సామాను బండికెత్తి ఇల్లు ఖాళీ చేశాడన్నారు. తల్లి అరవలేదు.

"మీరొక్క మాట నన్నడగొచ్చు కదండీ."

"అడగాల్సింది." టీచరమ్మ సంచీ అందుకుంది. "పదండి, పోలీస్ స్టేషన్‌కి. సంతకం ఎవరిదైనా, పంపింది నేనే. ఆ మాట నేనే చెబుతా."

తలుపు వెయ్యబోతూ ఇద్దరూ ఒకేసారి చూశారు. కిటికీ పక్క బెంచీ కింద పిల్ల టిఫిన్ డబ్బా ఉంది. మూత ఊడకుండా తల్లి చుట్టిన రబ్బరు బ్యాండు చుట్టినట్టే ఉంది.