బల్ల కాళ్లు

మాస్టరమ్మ కత్తెర పట్టుకుంటే గుడ్డ నోరెత్తదని బజారులో ఒక మాట ఉండేది. ఆ కుట్టు దుకాణంలో కోట్లు కత్తిరించే పని ఆమెది, కుట్టే పని కోడలిది, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కబుర్లు చెప్పే పని మరిదిది. కత్తిరించడం నిలబడి చేసే పని. నడుమెత్తు బల్ల మీద గుడ్డ పరిచి, పైనుంచి చూస్తూ, భుజం బరువంతా కత్తెర మీదికి వదలాలి. కూర్చున్నవాళ్లకు నేత వాలు, పోగులు ఎటు సాగుతున్నాయో, కనబడదు.

అటువంటి మనిషిని వీధి దాటుతుండగా ఒక మోటారుసైకిలు గుద్దేసింది. కుడి మోకాలు నుజ్జునుజ్జయింది. ముక్కలు అతికి లాభం లేదని డాక్టరు లోహపు కీలు అమర్చాడు. పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట.

"ప్రాణం దక్కింది, అదే పదివేలు. ఇక కత్తెర పక్కన పెట్టి విశ్రాంతిగా కూర్చోండి."

తన ప్రాణానికి పదివేలు ఖరీదు కట్టినందుకు ఆమె ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు. నిలబడలేకపోతే కత్తెర చేజారుతుంది. కత్తెర లేని తాను ఎవరో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు.

కసరత్తులు చేయించే అమ్మాయి మొదటిరోజే అడిగింది. "ఎంతసేపు నిలబడగలిగితే చాలమ్మా మీకు?"

"ఒక కోటు కత్తిరించేంతసేపు."

"అయితే మోకాలు తిన్నగా చాపడం రావాలి. కొంచెం వంకర మిగిలినా నిలబడ్డప్పుడు నడుం ఒరిగిపోతుంది."

"నడుం ఒరిగితే కత్తెర ఒరుగుతుంది. కానివ్వు."

మడమ కింద గుడ్డచుట్ట పెట్టి, మోకాలిని పరుపుకేసి అదమాలి. దాన్ని వైద్యులు కసరత్తు అంటారు. భరించేవాళ్లను అడిగితే వేరే పేరు చెబుతారు. మాస్టరమ్మ పళ్లు బిగించి, మరిదిని నోటికొచ్చినట్టు తిడుతూ అదిమేది.

"నన్నెందుకు వదినా తిట్టడం? గుద్దింది నేనా?"

"ఆ గుద్దినవాడి పేరు తెలీదు. నీ పేరు తెలుసు."

మధ్యాహ్నం ఆమె కునుకు తీసి లేచేసరికి మాత్రం మోకాలి కింద మెత్తటి దిండు ఒకటి వచ్చి చేరేది. హాయిగానే ఉండేది. ఆ హాయిలోనే కాలు వంకరగా బిగుసుకుపోతుందని కసరత్తుల అమ్మాయి గట్టిగా చెప్పింది.

"ఎవరు పెట్టారిది?"

కోడలు తల వంచుకుంది. "మీరు మూలుగుతుంటే చూడలేకపోయానత్తయ్యా."

"చూడలేకపోతే కళ్లు మూసుకో. నా కాలి జోలికి రాకు."

దిండు కిటికీలోంచి ఎగిరి వీధిలో పడింది.

కాలు తిన్నగా చాపడం వచ్చాక, చేతికర్ర పుచ్చుకుని దుకాణానికి వెళ్లింది. కసరత్తుల అమ్మాయి వెంట నడిచింది. గుమ్మంలోనే మాస్టరమ్మ ఆగిపోయింది. బల్ల పొట్టిదైపోయింది. దాని ముందు మెత్త కుట్టిన కుర్చీ ఒకటి పెట్టి ఉంది.

మరిది ముఖం వెలిగిపోతోంది. "నీకోసమే వదినా! వడ్రంగిని పిలిచి కాళ్లు కోయించాను. ఇక హాయిగా కూర్చుని..."

"డాక్టరు నాది ఒక్క కాలే కోశాడు. నువ్వు నాలుగూ కోశావు."

"నీ మేలు కోరే కదా చేశాను!"

"నా మేలు నన్నడిగి కోరు."

దిండు పెట్టేముందు ఆమెను ఎవరూ అడగలేదు. రంపం పెట్టేముందూ అడగలేదు. అడగవలసిన మనిషి ఒకరున్నారని వాళ్లకు తోచనే లేదు.

"కోసిన ముక్కలేవి?"

కోడలు వెనకగదిలోంచి నాలుగు కొయ్యముక్కలు కొంగులో వేసుకుని తెచ్చింది. "చిన్నమామయ్యగారు పొయ్యిలో పెట్టబోతే దాచానత్తయ్యా. దిండు దెబ్బకు బుద్ధొచ్చింది."

మాస్టరమ్మ ఒక ముక్క అందుకుని కోత తిన్నగా ఉందో లేదో చూసింది.

వడ్రంగిని పిలిపించారు. అతను తల గోక్కున్నాడు. "ఇనుప పట్టీలు వేసి బిగించొచ్చు గానీ, అతుకు కనబడుతుందమ్మా."

"నా మోకాలి మీద కుట్లూ కనబడుతున్నాయి. బిగించు."

బల్ల మళ్లీ నడుమెత్తుకు లేచింది. మాస్టరమ్మ రెండు చేతులతో నొక్కి చూసింది. కదల్లేదు. కర్ర గోడకు ఆనించి, గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి కత్తెర అందుకుంది. మెడ, భుజం, చంక దాకా బాగానే సాగింది. వీపు దగ్గరికొచ్చేసరికి కుడికాలు వణకసాగింది. కసరత్తుల అమ్మాయి ఒక అడుగు ముందుకు వేయబోయి ఆగింది. మరిది మాత్రం చప్పుడు కాకుండా కుర్చీని ఆమె వెనక్కి జరిపాడు.

ఆమె తల తిప్పలేదు. "అందులో నువ్వు కూర్చో."

అతను కూర్చున్నాడు. కత్తెర గుడ్డ అంచు దాకా వెళ్లింది.