కుట్టు గట్టిగానే ఉంది

మా మామ రామసుబ్బయ్య మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన చేతికి గరిటె ఇవ్వకూడదు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మనిషి, కోడలికి అన్నం వడ్డించడంలో కూడా తరుగు తీస్తాడు.

అత్త లేదు. నాకు మూడుసార్లు ఐదో నెలలో కడుపు పోయింది. ఈసారి డాక్టరు నిషాత్ గర్భసంచి మూతికి కుట్టు వేసి, ఎక్కువ తిరగొద్దన్నారు. దాంతో వంటిల్లు మామ పాలైంది.

"ఇంకొంచెం పెట్టు మామా."

"సాలమ్మా. గోనె బోరెంలో పత్తి ఎక్కువ కూరితే ఏమైతాది? కుట్టు పిగులుతాది. బిడ్డ సన్నంగా ఉంటేనే మేలు."

"నేను బోరెమా?"

"నువ్వు మా ఇంటి లక్ష్మివి. అన్నం మాత్రం ఇంతే."

ఎమ్మిగనూరు నుంచి అమ్మ పంపిన నువ్వుండలు కొట్లో హమాలీలకు పోయాయి. వాళ్లు మాత్రం బాగా ఒళ్లు చేశారు. నా మొగుడు సాయిరాం తల ఎత్తకుండా తన కంచం ఖాళీ చేసేవాడు. నేను డిగ్రీలో జువాలజీ చదివినదాన్నే. కానీ మూడుసార్లు ఖాళీ చేతులతో ఇంటికొచ్చాక ఎవరేం చెప్పినా వినాలనిపిస్తుంది. ఆకలైతే నీళ్లు తాగి పడుకునేదాన్ని.

ఏడో నెల స్కానింగుకు మామే తీసుకుపోయాడు. డాక్టరు చాలాసేపు చూశారు.

"కుట్టు గట్టిగానే ఉంది."

చెప్పలేదా అన్నట్టు మామ నాకేసి తలాడించాడు.

"బిడ్డే పెరగలేదు. నెలకు తగ్గ బరువు లేదు. మాయ నుంచి రక్తం కూడా సరిగా పోవడం లేదు. తిండి తింటాండావా?"

నేను మామను చూశాను. ఆయనే బోరెం సంగతి మొదలుపెట్టాడు. సగంలో గొంతు తగ్గిపోయింది.

"అయ్యో పెద్దాయనా, బిడ్డ లావైతే తెగే కుట్టు కాదది."

"ఇప్పట్నించి బాగా పెడతా మేడం."

"పెట్టండి. కానీ తిండి ఒక్కటే కారణమని చెప్పలేను. తింటే కోలుకుంటుందనీ చెప్పలేను. ఈరోజే కర్నూలు పోండి. బిడ్డను ముందే తీయాల్సి రావచ్చు. తీసినా..."

ఆమె కర్నూలు ఆసుపత్రికి చీటీ రాశారు.

బయట బెంచీ మీద కడుపుపై చెయ్యి పెట్టుకుని కదలిక కోసం వెతికాను. ఏమీ తెలియలేదు. మామ ఏ బేరంలోనూ ఓడినట్టు ఒప్పుకున్న మనిషి కాదు. 'ఈ డాక్టర్లకేం తెలుసు' అంటాడని చూశాను. అంటే బాగుండునని ఎంత కోరుకున్నానో.

ఆయన బెంచీ మీదున్న వాళ్లందరికీ వినబడేట్టు అన్నాడు.

"నాదే తప్పమ్మా. బిడ్డను నేనే ఎండబెట్టినా."