చించని సంచిక

పళ్ల మేస్త్రి చేతిలోకి ఏదొచ్చినా ముందు అంచులు చూస్తాడు, పన్నయినా, కాగితమైనా. కట్టుడు పళ్లు చేయడం అతని బతుకుతెరువు. పాత కాగితాలు పోగెయ్యడం అతని పిచ్చి. పిచ్చి అన్న మాట భార్యది. అతనైతే సేకరణ అంటాడు, అనేముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు.

అన్ని పాత కాగితాలూ అతనికి పనికిరావు. పెద్దవాళ్లు చెప్పిందల్లా తలకిందులు చేస్తామని కుర్రకారు జుట్టు పెంచేసి, ఉద్యోగాలు మానేసి, ఇళ్లలోంచి లేచిపోయిన రోజులు ఒకప్పుడున్నాయి. ఆనాటి కరపత్రాలు, పోస్టర్లు, చేతికందిన కాగితం మీద అచ్చేసుకున్న పత్రికలు, అవే కావాలి. సొంత ఆస్తన్నదే ఉండకూడదని వాళ్లు అచ్చేసిన కాగితాలను మేస్త్రి ఇనప్పెట్టె లాంటి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకు తిరుగుతాడు. అందులో ఎబ్బెట్టు ఏముందో అతనికి ఇంతవరకూ తట్టలేదు.

బీరువాలో పై అర మొత్తం ఒక్క పత్రికది. పేరు ‘చించు’. దాన్ని నాలుగు అంచులా జిగురు పూసి అంటించేసేవారు. చదవాలంటే చించాలి. చదివాక పారెయ్యమని వెనక అట్ట మీద ఉండేది. జనం మంచి మాటలు పెడచెవిన పెడతారు గానీ ఇలాంటివి మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తారు. అంచేత వచ్చిన ఐదు సంచికల్లో నాలుగింటికి చిరుగుపేలికలే మిగిలాయి. ఐదోది లోకంలో ఒక్కటే ఉంది. అది మేస్త్రి దగ్గరుంది, అంచు ఊడకుండా ఉంది. ఒక దర్జీ కొట్లో కుట్టుమిషను ఊగకుండా కాలి కింద పెట్టుకుంటే, అక్కడ దొరికింది. దాన్ని కాపాడింది సాహిత్యాభిమానం కాదు, ఎగుడుదిగుడు నేల.

పాత కాగితాలు పోగేసేవాళ్లలో మేస్త్రికి పరపతి దానివల్లే. వచ్చే ఆదివారం వాళ్లంతా కలిసి పెడుతున్న ప్రదర్శనలో నడిమి బల్ల, గాజుపెట్టె దానికే కేటాయించారు.

"లోపలేముందండీ?" అని భార్య ఎప్పుడో అడిగింది.

"ఎవరికి తెలుసు?"

"మరి ఇన్నేళ్లూ దగ్గర పెట్టుకుని ఏం చించారు?"

"చించకపోవడమే కదే దాని విలువ."

"అదీ నిజమే. ఏమీ చించకుండా పేరు తెచ్చుకున్నది మా వంశంలోనూ మీ వంశంలోనూ మీరొక్కరే."

ఇలా ఉండగా జులపాలాయన అని అందరూ పిలిచే ఒక పెద్దాయన పళ్లు కట్టించుకోవడానికి వచ్చాడు. జులపాలు ఊడి నెత్తి అద్దంలా అయినా పేరు మాత్రం ఊడలేదు. మేస్త్రి పని చేసేది ఇంటి ముందు గదిలోనే. కుర్చీలో కూర్చోబెట్టి, మైనపు పట్టీ నోట్లో పెట్టి కరవమన్నాడు. ఆయన కరుస్తూ కరుస్తూ గోడకేసి చూశాడు. అక్కడ ‘చించు’ రెండో సంచిక తాలూకు చిరుగుముక్క అద్దం పటంలో ఉంది.

"తింతు!" అన్నాడు.

మేస్త్రి మైనం బయటికి తీశాడు. "ఏంటి బాబాయ్?"

"తింతు. ఆ లాత నాదేనోయ్."

బోసినోటి మాటల్ని పళ్లున్న మాటలుగా మార్చుకుని వినడం మేస్త్రికి వృత్తిలో భాగం. మనమూ ఇక్కణ్ణించి అలాగే విందాం.

మేస్త్రికి కాళ్లు నేల మీద ఆనలేదు. చేతికంటిన మైనం కూడా తుడుచుకోకుండా ఐదో సంచిక తన దగ్గరుందనీ, చించనిదనీ చెప్పేశాడు. జులపాలాయన ఎగిరి గంతేస్తాడనుకున్నాడు. ఆయన కుర్చీలో ఇంకొంచెం కిందికి జారాడు.

"లోపలేం రాశాడు?"

"చదవలేదు బాబాయ్. చదివితే చించనిది ఎలా అవుతుంది?"

"నేనూ చదవలేదు," అన్నాడు ఆయన. "నేనూ, నా స్నేహితుడు గడ్డంగాడూ కలిసి తెచ్చేవాళ్లం. నాలుగోదాని దగ్గర మాకు చెడింది."

"సిద్ధాంతాల దగ్గరా?"

"కాదు, మిషను దగ్గర. అచ్చుమిషను ఎవరింట్లో ఉండాలని. ఆస్తి ఉండకూడదన్నాం గానీ మిషను ఎవరిదో మాకు తేలలేదు. ఒకరోజు వాడు లేకుండా చూసి నేను బండిలో వేసుకొచ్చేశాను. వాడు ఐదోది ఎలాగో తెచ్చాడు. నాకొకటి పంపించి, నీకు చెప్పాల్సింది లోపలుంది, చించుకోరా అని కబురెట్టాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చి, చించకుండా పొయ్యిలో పెట్టాను. మళ్లీ మాటల్లేవు. పోయిన నెల వాడు పోయాడు." ఆయన చిగుళ్లు తడుముకున్నాడు. "ఏమన్నాడో ఒక్కసారి చూపించవయ్యా."

మిషను లేనివాడు పత్రిక ఎలా తెచ్చాడు? ఆ ‘ఎలాగో’ దగ్గర మేస్త్రి ఒక్క క్షణం ఆగాల్సింది. ఆగలేదు. అతని బుర్ర నిండా గాజుపెట్టె ఉంది. సరేననలేక, కాదనలేక, "పళ్లు తీసుకెళ్లే రోజున చూద్దాం బాబాయ్" అన్నాడు.

లోపలికెళ్లి భార్యకు చెప్పాడు.

"చించి ఇచ్చెయ్యండి. పోయిన స్నేహితుడి మాట అడుగుతున్నాడు గానీ మీ కిడ్నీ అడగడం లేదుగా."

"కిడ్నీలైతే రెండున్నాయే."

మేస్త్రి తిండి సయించక అటూ ఇటూ తిరిగి, మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాడు. మైనాన్ని వేడితో మెత్తబరచడం అతనికి రోజూ ఉండే పని. జిగురు మాత్రం వేడికి మెత్తబడదా? ఆవిరి పట్టి ఒక అంచు విప్పి, లోపల చదివి, ఆరాక మళ్లీ అంటించేస్తే పెద్దాయనకు మాట దక్కుతుంది, తనకు చించని సంచిక దక్కుతుంది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

కెటిల్ పెట్టాడు. దాని కొమ్ములోంచి ఆవిరి రాగానే సంచికను రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డకు కాపడం పెట్టినంత ఒద్దికగా అంచు చూపించాడు. జిగురు విడింది. ఇంకాస్త ఆవిరి పట్టాడు. అప్పుడు అతని మణికట్టు మీద ఊదా రంగు చుక్క ఒకటి పడింది. దాని వెనక ఇంకోటి. తర్వాత చుక్కలు కావు, ధార.

అట్ట మీద నల్లసిరా. అది మిషను ఉండగానే అచ్చేసి పెట్టుకున్నది, నీటికి చెక్కుచెదరదు. లోపలి కాగితాలు వేరు. మిషను పోయాక గడ్డంగాడు పళ్లెంలో జెల్లీ పోసి, ఊదాసిరాతో రాసింది దాని మీద అద్ది, ఒక్కో కాగితం చేత్తో పరిచి నకళ్లు ఎత్తాడు. ఊదాసిరాకు చెమ్మ తగిలితే అంతే సంగతులు. మేస్త్రి అద్దుడు కాగితాలతో అద్దాడు, తువ్వాలుతో అద్దాడు, చివరికి చొక్కాతో అద్దాడు. చొక్కాకు మంచి రంగు వచ్చింది.

చెప్పిన రోజుకు జులపాలాయన వచ్చాడు. మేస్త్రి పళ్లు పెట్టి అద్దం ఇచ్చాడు. ఆయన అద్దంలోకి చూడకుండా, "ఏది?" అన్నాడు.

మేస్త్రి దగ్గర ఒక అబద్ధం సిద్ధంగానే ఉంది. ‘నిన్ను క్షమించానురా’ అని రాశాడని చెప్తే అయిపోతుంది. అసలుకీ నకిలీకీ తేడా తెలియని పళ్లు చేయడంలో చెయ్యి తిరిగినవాడికి, అసలుకు తేడా తెలియని మాట ఒక లెక్కా? తీరా చెప్పబోతే నాలుక తిరగలేదు. పళ్లెంలో ఆరబెట్టిన కాగితాలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, ఆవిరి సంగతి చెప్పేశాడు. భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

మొదటి కాగితంలో పై వరుస ఒక్కటే మిగిలింది. జులపాలాయన కొత్త పళ్లతో కూడబలుక్కుంటూ చదివాడు.

"చించావా? శభాష్. ఒరే జులపాలూ, నీ గురించి నేననుకునేది ఏమిటంటే..."

ఆ తర్వాత అంతా ఊదా మడుగు.

"ఆవిరెందుకు పట్టావోయ్?"

"చించడానికి చేతులు రాలేదు బాబాయ్. తప్పయిపోయింది."

ఆయన మడుగు మీద వేలు పెట్టి రుద్దాడు. "మిషను వాడి దగ్గరే ఉంచితే లోపల కూడా నల్లసిరాయే ఉండేది. నీ తప్పు సగమేలే."

తర్వాత తనే మొదలెట్టాడు, గొంతు మార్చి, గడ్డంగాడు పలికినట్టు. "ఒరే జులపాలూ, నువ్వు మంచివాడివి కాదు."

"అంతేనా బాబాయ్ గారూ?" అంది మేస్త్రి భార్య. "మిషను ఎత్తుకుపోయినవాణ్ణి ఎవరైనా అంత మెత్తగా తిడతారా?"

"నిజమే. ఒరే దొంగసచ్చినోడా! నాది, నీది అనొద్దని ఊరంతా అరిచి, ఇనుపముక్క కోసం మనిషిని వదిలేశావు కదరా! ఆ మిషను నీ ఇంట్లో తుప్పు పట్టిందా లేదా? దాంతో ఒక్క కాగితమన్నా తీశావా?" ఆయన ఆగాడు. "తియ్యలేదు," అని తన గొంతుతో తనే జవాబు చెప్పాడు. మళ్లీ వాడి గొంతు. "సరేలే, రేపు రా. ఆరోది చేద్దాం."

తలెత్తి ఇద్దర్నీ చూశాడు. "అలా అని ఉంటాడంటారా?"

మేస్త్రి ఆ కాగితాల్ని అట్టలో సర్ది ఆయన సంచీలో పెట్టాడు.

"గాజుపెట్టెవాళ్లకేం చెప్తారు?" అని భార్య అడిగింది.

"చదివేవాడు వచ్చాడని చెప్తాను."

జులపాలాయన కళ్లు తుడుచుకుంటూ, "పై పళ్లు నొక్కుతున్నాయోయ్, అందుకే నీళ్లొస్తున్నాయి" అన్నాడు.

మేస్త్రి నోరు తెరిపించి, దీపం దగ్గరికి లాగి అంతా చూశాడు. ఎక్కడా నొక్కడం లేదు.

అయినా బయటికి తీసి, ఆకురాయితో ఒక పక్క పైపైన నాలుగుసార్లు గీకి, ఊది, మళ్లీ పెట్టాడు.

"ఇప్పుడు నయం," అన్నాడు ఆయన.